తెగిన పోగు

ప్రక్రియ : వ్యాసం

ఉద్దేశం : విద్యార్థి దశలో కలిగే కుంగుబాటును గుర్తించడం, దానికీ చదువులో వెనుకబడడానికీ గల సంబంధాన్ని గ్రహించడం, సకాలంలో సహాయం పొందే మార్గాలను తెలుసుకొనడం.

పాఠ్యభాగ నేపథ్యం

ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత పైచదువుల కోసం చాలామంది విద్యార్థులు మొదటిసారిగా ఇల్లు విడిచి వెళతారు. కొత్త ఊరు, కొత్త బోధనాభాష, కొత్త పరీక్షా విధానం ఒకేసారి ఎదురవుతాయి. ఆ దశలో కొందరు చదువులో వెనుకబడతారు, కొందరు మనసులో కుంగిపోతారు. ఈ రెండూ కలిసి వచ్చినవారి స్థితిని కర్నూలు జిల్లా పడమటి ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

భారతీయ అలంకారికులు మానవ మనస్సును నిశితంగా పరిశీలించినవారు. భరతముని నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలను పేర్కొన్నాడు. వీటికే సంచారి భావాలని మరొక పేరు. ఆ పట్టికలో మొదటిది నిర్వేదం, రెండవది గ్లాని. దైన్యం, చింత, జడత, విషాదం కూడా అందులో ఉన్నాయి. ఆలస్యం, అనగా సోమరితనం, అదే పట్టికలో వేరొక భావంగా నిలిచింది. పైకి చూస్తే సోమరి, విషాదగ్రస్తుడు ఒకే తీరుగా కనిపిస్తారు. ఇద్దరూ కూర్చున్నచోటి నుంచి కదలరు. అయినా వారి లోపలి స్థితి ఒకటి కాదని గ్రహించిన శాస్త్రకారుడు రెండింటికీ రెండు పేర్లు పెట్టాడు. పుస్తకం ముందు కూర్చొని ఒక్క పుట కూడా తిప్పలేకపోతున్న విద్యార్థిని చూసి, వెంటనే బద్ధకస్తుడని ముద్ర వేసేవారు ఈ భేదాన్ని గమనించాలి.

ఆ పట్టికలోనే అవహిత్థ అనే మరొక భావం ఉంది. లోపలి భావం ముఖంలో కనిపించకుండా దాచుకొనడం దాని లక్షణం. పగలంతా తోటివారితో కలిసి నవ్వుతూ తిరిగి, వసతిగృహంలోని తన గదికి చేరగానే గోడవైపు తిరిగి పడుకొనే విద్యార్థి స్థితికి ఈ పేరు సరిగా అమరుతుంది.

సంచారి అంటే సంచరించేది, వచ్చి పోయేది. మార్కులు తగ్గినప్పుడు, ఆప్తులు దూరమైనప్పుడు దుఃఖం కలగడం సహజం. కాలం గడిచేకొద్దీ అది పలుచబడుతుంది. వచ్చిన విషాదం పోకుండా మనస్సులో కాపురం పెడితే దానిని వ్యాధిగా భావించాలి. వైద్యశాస్త్రం దానిని డిప్రెషన్ అంటుంది. తెలుగులో కుంగుబాటు అనే మాట వాడుకలోకి వచ్చింది.

వ్యాధి లక్షణాలు

రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, ఇంతకుముందు ఇష్టమైన పనులపై ఆసక్తి నశించడం కుంగుబాటుకు ప్రధాన లక్షణాలు. వీటిలో ఒకటైనా కనీసం రెండు వారాలపాటు ఎడతెగక ఉన్నప్పుడు వైద్యులు మిగిలిన లక్షణాలను కూడా పరిశీలిస్తారు. నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్రపోవడం, ఆకలిలో మార్పు, ఒంట్లో సత్తువ లేకపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన, చావును గురించిన ఆలోచనలు వాటిలో ముఖ్యమైనవి. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి లోపం ఉన్నవారిలో కూడా నీరసం, నిరుత్సాహం కనిపిస్తాయి. కనుక వ్యాధి ఏదో నిర్ణయించవలసినవాడు వైద్యుడే.

ఇది అరుదైన వ్యాధి కాదు. ప్రపంచంలో 28 కోట్లకు పైగా ప్రజలు కుంగుబాటుతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. వయోజనులలో ఇంచుమించు 20 మందికి ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో కుంగుబాటుకు లోనైనట్లు ఆ సర్వే తేల్చింది. కుంగుబాటు ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదని కూడా తెలిపింది. వ్యాధి ఇంత సామాన్యమైనదై, చికిత్స ఇంత అరుదు కావడానికి గల కారణాలలో సిగ్గు ఒకటి. మనసు బాగాలేదని చెప్పుకొంటే పిచ్చివాడంటారన్న భయం మరొకటి.

పడమటి పల్లెల నుంచి పట్టణ కళాశాలకు

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఆదోని పత్తి వ్యాపారానికీ, ఎమ్మిగనూరు చేనేతకూ పేరుపొందాయి. ఆదోని మార్కెట్ యార్డు రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చొరవతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఎన్నో కుటుంబాలకు జీవనాధారమైంది. అయితే ఈ రెండు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెలలో చాలావరకు వాననే నమ్ముకొన్న సేద్యం. పంట చేతికి రాని ఏట కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ప్రాంతాల కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు పత్తి తీతకూ, మిరప కోతకూ తరలిపోతాయి. ఈ వలసను అక్కడివారు సుగ్గి అంటారు. సుగ్గికి పోయిన తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోవలసివచ్చి బడి మధ్యలో ఆగిపోయేది. అందుకే వలస కాలంలో పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకొనడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళను ఏర్పాటు చేసింది.

ఇటువంటి ఇళ్ళ నుంచి కళాశాల గడప తొక్కినవారిలో చాలామంది తమ వంశంలో మొదటి తరం విద్యావంతులు. వారి చదువు వెనుక ఇంటిల్లిపాది కష్టం ఉంటుంది. ఆ కష్టమే ఒక్కొక్కసారి మోయలేని బరువవుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఆంగ్ల పాఠాలు కొరుకుడు పడవు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2015-16 విద్యాసంవత్సరం నుంచి సెమిస్టర్ విధానం వచ్చింది. పాఠం అర్థమయ్యేలోగా పరీక్ష వస్తుంది. ఆ పరీక్ష గురించి బాధపడుతుండగానే తరువాతి సెమిస్టర్ మొదలవుతుంది.

ఎమ్మిగనూరు నేతగాని కుమారుడొకడు కర్నూలులో డిగ్రీ చదువుతున్నాడని ఊహించుకొందాం. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తప్పిన సబ్జెక్టుల అధ్యాపకులకు ముఖం చూపలేక ఆ తరగతులకు వెళ్ళడం మానాడు. హాజరు తగ్గింది. హాజరు తగ్గినందుకు పిలిపిస్తారేమోనని మిగిలిన తరగతులూ మానాడు. రాత్రి నిద్ర పట్టదు, పగలు మెలకువ రాదు. పుస్తకం తెరిస్తే ఒకే వాక్యం పదిసార్లు చదివినా బుర్రకెక్కదు. ఆదివారం ఇంటి నుంచి ఫోను వస్తుంది. “ఏం రా, బాగ చదువుకుంటాండావా?” అని తండ్రి అడుగుతాడు. “ఆఁ, బాగనే చదువుకుంటాండా నాయనా” అని కొడుకు జవాబిస్తాడు. ఫోను పెట్టిన తరువాత ఆ అబద్ధం గుండెల మీద మరొక రాయిగా కూర్చొంటుంది.

ఆదోనిలో పత్తి మిల్లు కార్మికుని కుమార్తెకు ఇదే స్థితి వస్తే మరొక భయం తోడవుతుంది. తప్పానని తెలిస్తే చదువు మాన్పించి పెళ్ళి చేస్తారేమోనని ఆమె ఇంకా గట్టిగా నోరు మూసుకొంటుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వెనుకబాటు వల్ల కుంగుబాటు పెరుగుతుంది, కుంగుబాటు వల్ల వెనుకబాటు పెరుగుతుంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్లు విద్యార్థి ఈ రెండింటి నడుమ తిరుగుతూ అలసిపోతాడు. మొదట ఏది వచ్చిందని విచారించడం వల్ల ప్రయోజనం లేదు. ఈ తిరుగుడును ఎక్కడ ఆపగలమన్నదే అసలు ప్రశ్న. మిగిలినవన్నీ అతని చేతిలో లేకపోయినా దాపరికాన్ని వదలడం అతని చేతిలో ఉంది. కనుక మొదటి ముడి విప్పవలసింది అక్కడే.

హనుమంతుని నిర్వేదం

వాల్మీకి రామాయణం సుందరకాండలో ఈ మనఃస్థితికి చక్కని ఉదాహరణ ఉంది. హనుమంతుడు లంకంతా వెదికాడు. అంతఃపురాలు, పానశాలలు, ఉద్యానగృహాలు అన్నీ గాలించాడు. సీత జాడ దొరకలేదు. సముద్రాన్ని లంఘించిన మహావీరుడు అప్పుడు నిర్వేదంలో మునిగిపోయాడు. వట్టిచేతులతో తిరిగివెళ్తే తన కోసం ఎదురుచూస్తున్న వానరులకు ఏమి చెప్పాలి? సీత కనబడలేదని వింటే రాముడు జీవించడు, ఆ వెనుక లక్ష్మణుడు, అయోధ్యలోనివారు, సుగ్రీవుడు, వానరకులం మొత్తం నశిస్తుందని ఊహించుకొన్నాడు. తిరిగివెళ్ళడం కంటె ప్రాణత్యాగమే మేలేమోనని కూడా తలపోశాడు.

ఆ ఆలోచనలలో జరిగినది ఒక్కటే: సీత ఇంతవరకు కనబడలేదు. మిగిలినదంతా అతని మనస్సు కల్పించిన భవిష్యత్తు. తప్పిన రెండు సబ్జెక్టుల నుంచి కుటుంబం అంతా నాశనమవుతుందన్న నిశ్చయానికి వచ్చే విద్యార్థి ఆలోచన కూడా ఈ దారినే నడుస్తుంది. కుంగిన మనస్సు కల్పించినది జరిగినదానిలాగే తోస్తుంది.

హనుమంతుడు రెండు విషయాలు గుర్తుచేసుకొన్నాడు. బ్రతికి ఉన్నవానికి ఎప్పటికైనా శుభం కలిగే అవకాశం ఉంది. వెదకని చోటు ఇంకా ఒకటి మిగిలింది. అది అశోకవనం.  ఎదుట ఉన్న వనం ప్రాకారం మీదికి దూకాడు. సీత ఆ వనంలోనే ఉంది.

అయితే ఇందులో మరొక మాట కూడా ఉంది. సముద్రతీరంలో కూర్చొన్నప్పుడు తన బలం తనకు తెలియని స్థితిలో ఉన్నవాడే హనుమంతుడు. జాంబవంతుడు చెప్పిన తరువాతనే లేచి నిలిచాడు. కుంగుబాటులో ఉన్నవారికి తమ శక్తి తమకు కనిపించదు. దానిని చూసి చెప్పడానికి మరొక మనిషి కావాలి. మనోధైర్యం తెచ్చుకో అని తనకు తానే చెప్పుకొన్నంత మాత్రాన వ్యాధి తగ్గదు. జ్వరం వచ్చినవాడు ధైర్యంతోపాటు మందు కూడా వేసుకొంటాడు.

బళ్ళారి చూపిన దారి

మనోవ్యాధికి చికిత్స అంటే ఒకప్పుడు దూరాన ఉన్న పెద్ద మానసిక వైద్యశాలకు పోవడమే. పల్లెలవారికి అది అందని పని. ఈ స్థితిని మార్చిన ప్రయోగం ఆదోనికి పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలోనే జరిగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించే వరకు ఆదోని తాలూకా కూడా బళ్ళారి జిల్లాలో భాగమే. ఎమ్మిగనూరు, కోసిగి ఆ తాలూకాలోనివే.

భారత ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానిని ఒక జిల్లా స్థాయిలో అమలు చేసి చూడడానికి నిమ్‌హాన్స్ బళ్ళారిని ఎన్నుకొంది. 1980ల మధ్యకాలం నుంచి 1990 వరకు ఆ ప్రయోగం సాగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు మనోవ్యాధులను గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. అవసరమైన మందులను ఆ కేంద్రాలలోనే అందుబాటులో ఉంచారు. జ్వరానికి, దగ్గుకు చూపించుకొనే చోటనే మనసుకు కూడా చూపించుకోవచ్చునని బళ్ళారి నిరూపించింది. ఆ నమూనా ఆధారంగా 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. తొలి విడత జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. తరువాత అది దేశంలోని అనేక జిల్లాలకు విస్తరించింది.

ఆదోని ప్రాంత విద్యార్థికి దీనివల్ల కలిగిన మేలు ఏమిటంటే, సహాయం కోసం ఎక్కడికో పోనక్కరలేదు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి వైద్యునితో మొదట మాట్లాడవచ్చు. అవసరమైతే కర్నూలు పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్ళవచ్చు. గడప దాటలేని స్థితిలో ఉన్నవారి కోసం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే సేవ ప్రారంభమైంది. 14416 అనే సంఖ్యకు ఏ వేళలోనైనా ఫోను చేసి ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు ఆలోచనలు వస్తున్నప్పుడు మరునాటి వరకు ఆగరాదు. ఆ క్షణమే ఈ సంఖ్యకు ఫోను చేయాలి, పక్క గదిలోని మిత్రునైనా లేపి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు.

కోలుకొనే క్రమం

కుంగుబాటుకు చికిత్స రెండు విధాలు: మాటల ద్వారా చేసే చికిత్స, మందులు. వ్యాధి తీవ్రతను బట్టి ఏది అవసరమో, రెండూ అవసరమో వైద్యుడు నిర్ణయిస్తాడు. మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. వేసుకొన్న మరునాడే గుణం కనిపించలేదని నిరాశపడరాదు. గుణం కనిపించగానే వైద్యుని అడగకుండా మానరాదు.

మాటల చికిత్సలో ఒక పద్ధతి విద్యార్థులకు ప్రత్యేకంగా ఉపయోగిస్తుంది. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని ఎదురుచూడకుండా, చిన్న పనిని మొదట చేసి, ఆ పని నుంచి ఉత్సాహాన్ని రాబట్టడం ఆ పద్ధతి సారం. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కొంత శిక్షణ పొందిన సామాన్య వ్యక్తులు తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి ఈ పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు సలహాలిచ్చారు. వారిలో మంచి మార్పు కనిపించిందని 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది.

విద్యార్థి దీనిని తన దినచర్యకు అన్వయించుకోవచ్చు. ఉదయం ఒకే వేళకు లేవడం, స్నానం చేయడం, వెలుతురులో కొంతసేపు నడవడం, రోజుకు ఒక్క తరగతికైనా హాజరు కావడం మొదటి వారానికి చాలు. తరువాత రోజుకు అరగంట చదువు. తప్పిన సబ్జెక్టులన్నీ ఒక్కసారిగా చదవాలని కూర్చొంటే మళ్ళీ పాత గానుగే. ఒక సబ్జెక్టును, అందులో ఒక యూనిట్‌ను తీసుకోవాలి. ఏ సబ్జెక్టులు తప్పాయి, వాటి పరీక్ష ఎప్పుడు, హాజరు ఎంత ఉంది అన్న వివరాలను ఒక కాగితం మీద రాసుకోవాలి. మనసులో కొండంత కనిపించిన భారం కాగితం మీద ఐదారు పంక్తులలో ముగుస్తుంది. వైద్య కారణాలపై హాజరులో కొంత మినహాయింపునకు చాలా విశ్వవిద్యాలయాల నిబంధనలు అవకాశమిస్తాయి. వైద్యుని ధ్రువపత్రంతో సకాలంలో ప్రిన్సిపాల్‌ను కలిస్తేనే అది ఉపయోగపడుతుంది.

నేసేటప్పుడు పడుగులో పోగు తెగడం ఎమ్మిగనూరు మగ్గాల మీద ప్రతిదినం జరిగేదే. తెగిన పోగును చూడనట్లు నేస్తూపోతే ఆ లోపం బట్ట పొడవునా సాగుతుంది. అందుకే నేతగాడు చేయి ఆపి, తెగిన కొనలు వెదికి, ముడివేసి మళ్ళీ నేత సాగిస్తాడు. ఒక పోగు తెగిందని పడుగంతా పారవేసే నేతగాడు ఎక్కడా ఉండడు. ఆ ఇంట పుట్టిన కుమారునికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే తన చదువుకు కూడా అది వర్తిస్తుందని గుర్తుచేసేవారు కావాలి.

చుట్టూ ఉన్నవారి బాధ్యత

నోరు విప్పమని విద్యార్థికి చెప్పినంత సులువు కాదు నోరు విప్పడం. వినేవారు ఉన్నారన్న నమ్మకం కలిగినప్పుడే అది సాధ్యం. వరుసగా తరగతులు మానుతున్న మిత్రుని గదికి వెళ్ళి “భోంచేసినావా?” అని అడగడం పెద్ద ఉపన్యాసం కంటె మేలు. చావు మాట అతని నోట వస్తే నవ్వులాటగా కొట్టిపారవేయరాదు. రహస్యంగా ఉంచమని అతడు ఒట్టు వేయించుకొన్నా, నమ్మదగిన పెద్దలకు చెప్పడమే నిజమైన స్నేహం.

తల్లిదండ్రులు ఇతరులతో పోల్చి మాట్లాడడం మానాలి. నిన్ను చదివించడానికి ఎంత కష్టపడుతున్నామో చూడు అన్న మాట పిల్లవానికి తెలియనిది కాదు. ఆ మాటే అతని నిద్రను హరిస్తున్నది. పరీక్ష తప్పినా ఈ ఇంటి తలుపు నీకు మూసుకోదు అన్న మాటను ఒక్కసారి అతని చెవిన వేయడం అవసరం. అధ్యాపకులు హాజరుపట్టీలోని వరుస గైర్హాజరును క్రమశిక్షణ సమస్యగా భావించేముందు ఆ విద్యార్థిని ఏకాంతంగా పిలిచి కారణం కనుక్కోవాలి.

చట్టం కూడా ఇందుకు తోడుగా ఉంది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యులపై ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీచేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల మానసిక సలహాదారు కనీసం ఒకరు ఉండాలని అందులో ఆదేశించింది. తమ కళాశాలలో అటువంటి వ్యక్తి ఉన్నారా అని అడిగే హక్కు విద్యార్థులకు ఉంది.

సెమిస్టర్ తప్పినవారు మళ్ళీ రాస్తారు. ఒక ఏడు వెనుకబడినవారు మరుసటి ఏడు ముగిస్తారు. పదేళ్ళ తరువాత ఆ ఏడు ఎవరికీ గుర్తుండదు. గుర్తుండవలసినది ఆ ఏడు గడిచి బయటపడిన మనిషి. ఆదివారం ఫోను వచ్చినప్పుడు “బాగలేదు నాయనా, రెండు సబ్జెక్టులు పోయినాయి, మనసు కూడ బాగలేదు” అని చెప్పగలగడం ఓటమి కాదు. చికిత్స ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

నిర్వేదం = తన్ను తాను హీనంగా తలచుకొనడం, విరక్తి
గ్లాని = బలం సన్నగిల్లడం
జడత = ఏమీ తోచని స్థితి, కదలలేకపోవడం
అవహిత్థ = మనసులోని భావాన్ని దాచడం
లంఘించు = దాటు, దూకు
ప్రాకారం = చుట్టుగోడ
పడుగు = మగ్గం మీద నిలువుగా సాగే దారాలు
గోప్యం = దాచదగినది, రహస్యం
సుగ్గి = పనుల కాలంలో కూలికై పోయే వలస (పడమటి కర్నూలు మాండలికం)

అభ్యాసాలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చదువులో వెనుకబాటుకూ కుంగుబాటుకూ గల పరస్పర సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. హనుమంతుని నిర్వేదం నుంచి విద్యార్థి గ్రహించవలసిన విషయాలేమిటి? ఆ ఉదాహరణకు గల పరిమితి ఏది?

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సోమరితనానికీ విషాదానికీ గల భేదాన్ని తెలపండి.
2. బళ్ళారి ప్రయోగం ప్రత్యేకత ఏమిటి?
3. కోలుకొనే క్రమంలో చిన్న పనులకు గల ప్రాధాన్యం ఏమిటి?
4. కుంగుబాటులో ఉన్న మిత్రుని పట్ల మీరు ఎలా ప్రవర్తిస్తారు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కుంగిన మనస్సు కల్పించినది జరిగినదానిలాగే తోస్తుంది.
2. ఒక పోగు తెగిందని పడుగంతా పారవేసే నేతగాడు ఎక్కడా ఉండడు.
3. చికిత్స ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. భరతముని పేర్కొన్న వ్యభిచారి భావాలు ఎన్ని?
2. ఆదోని తాలూకా 1953 వరకు ఏ జిల్లాలో ఉండేది?
3. టెలి మానస్ సేవ పొందడానికి ఏ సంఖ్యకు ఫోను చేయాలి?

V. సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి : సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం : యణాదేశ సంధి
నిరుత్సాహం = నిః + ఉత్సాహం : విసర్గ సంధి
పడుగంతా = పడుగు + అంతా : ఉత్వ సంధి

VI. సమాసాలు
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును : ద్వంద్వ సమాసం
రెండు వారాలు = రెండు సంఖ్యగల వారాలు : ద్విగు సమాసం
చిన్న పని = చిన్నదైన పని : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
వనప్రాకారం = వనం యొక్క ప్రాకారం : షష్ఠీ తత్పురుష సమాసం